ఉపగ్రహానికి సీసపు చొక్కా తొడిగితే సరిపోదా?

అంతరిక్షంలో చిప్‌లను చెడగొట్టే కాస్మిక్ కిరణాలను ఆపడానికి ఏ లోహం వాడతారు? ఎంత మందం? ఎంత మందమైనా ఆగనివాటిని ఏం చేస్తారు? బళేపేటలో దొరికే గాజులతో తరగతిలోనే చెప్పదగ్గ పాఠం ఇది.

బళె అంటే కన్నడంలో చేతి గాజు. బళేపేట అంటే గాజులపేట. తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, కిటికీకి బిగించేదీ గాజే. కన్నడంలో రెండింటికీ రెండు మాటలున్నాయి. హార్మోనియం, వీణ, తబలా దుకాణాల మధ్య పెరిగే ఇక్కడి తెలుగు పిల్లలకు ఈ తేడా బడిలో చేరకముందే తెలుసు.

బళేపేట నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో చిక్కపేట మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ గ్రీన్ లైన్ రైలెక్కితే ఎక్కడా మారకుండా పీణ్యకు చేరుకోవచ్చు. భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్ట రూపుదిద్దుకున్నది ఆ పీణ్య పారిశ్రామికవాడలోని షెడ్లలోనే. నగరానికి మరోవైపున్న బ్యాలాళులో పెద్ద పెద్ద యాంటెన్నాలున్నాయి. చంద్రయాన్ నుంచి వచ్చే సంకేతాలను అందుకునేది అవే.

2009 ఆగస్టు 29 తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు ఆ యాంటెన్నాలకు చంద్రయాన్-1 నుంచి రావలసిన సంకేతం ఆగిపోయింది. మళ్లీ రాలేదు. రెండేళ్లు పనిచేయాలని పంపిన నౌక 312 రోజులకే మూగబోయింది. అంతకు కొన్ని నెలల ముందే, నక్షత్రాలను చూసి నౌక దిశను చెప్పే స్టార్ సెన్సర్లు దెబ్బతిన్నాయి. అప్పట్లో కారణాలుగా వినిపించిన మాటలు రెండు: చంద్రుడి దగ్గరి వేడి, రేడియేషన్.

ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లల్లో ఒకరైనా అడిగే ప్రశ్న ఉంటుంది. 'ఎక్స్‌రే తీసే గదిలో సీసం వాడతారు కదా, ఉపగ్రహానికి కూడా సీసం చుట్టేస్తే సరిపోదా?' అని. మంచి ప్రశ్న. 'సరిపోదు' అని ఒక్క మాటలో తేల్చేస్తే పాఠం అక్కడితో ముగిసిపోతుంది. ఎందుకు సరిపోదో పిల్లలతోనే లెక్క కట్టిస్తే, అంతరిక్ష ఇంజినీర్లు రోజూ ఏం ఆలోచిస్తారో వాళ్లకు అర్థమవుతుంది.

ఎక్కడి నుంచి వస్తాయి?

కాస్మిక్ కిరణాలకు తెలుగులో విశ్వకిరణాలు అనే పేరూ ఉంది. కిరణాలు అంటున్నాం గానీ నిజానికి ఇవి వెలుగు కిరణాలు కావు. అమిత వేగంతో దూసుకొచ్చే సూక్ష్మ కణాలు. వీటిలో సుమారు 90 శాతం ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు. 9 శాతం దాకా హీలియం కేంద్రకాలు. మిగిలిన కొద్ది భాగంలో ఇనుము వంటి బరువైన మూలకాల కేంద్రకాలుంటాయి. సంఖ్యలో తక్కువైనా చిప్‌కు ఎక్కువ హాని చేసేవి ఈ బరువైనవే.

1912లో విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి కొలిచాడు. పైకి వెళ్లేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని, అది నేలలోంచి కాక ఆకాశంలోంచి వస్తోందని తేల్చాడు. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఉపగ్రహాలకు బెడద మూడు దిక్కుల నుంచి ఉంటుంది. ఒకటి, సౌర కుటుంబం బయటి నుంచి వచ్చే విశ్వకిరణాలు. రెండు, సూర్యుడిలో పేలుళ్లు జరిగినప్పుడు వెలువడే కణాలు. మూడు, భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని భూమి చుట్టూ రెండు పట్టీల్లా తిరుగుతున్న కణాలు. వీటినే వాన్ అలెన్ పట్టీలంటారు. 1958లో అమెరికా పంపిన ఎక్స్‌ప్లోరర్-1 వీటి జాడ చెప్పింది. చంద్రుడికో కుజుడికో వెళ్లే నౌక ఏదైనా ఈ పట్టీలను దాటాల్సిందే.

మన తలమీది గొడుగు

ఇంత ప్రమాదముంటే మనకేమీ కావడం లేదే అని పిల్లలు అడుగుతారు. మనకు రెండు రక్షణలున్నాయి. ఒకటి భూమి అయస్కాంత క్షేత్రం, రెండోది గాలి. గాలి తేలికైనదే అయినా దాని మందం ఎక్కువ. సముద్రమట్టం దగ్గర మన నెత్తిమీదున్న గాలి బరువు 10 మీటర్ల లోతు నీటి బరువుతో సమానం. దాన్ని అల్యూమినియంతో భర్తీ చేయాలంటే 3.8 మీటర్ల మందం రేకు కావాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి మన గొడుగు చెన్నైవాళ్ల గొడుగు కన్నా కాస్త పలుచన.

ఆ గొడుగునూ దాటి వచ్చేవి ఉన్నాయి. విశ్వకిరణాలు పైన గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యువాన్ అనే కణాలు నేల దాకా వస్తాయి. అరచేయి చాపి పట్టుకుంటే సుమారు సెకనుకొకటి చొప్పున అందులోంచి దూరి వెళ్తుంటాయి. మనకు తెలియదు, నొప్పీ ఉండదు.

వీటిని కూడా వదిలించుకోవాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోనే, తెలుగు బాగా వినిపించే కోలారు సీమలోనే దొరికింది. కోలారు బంగారు గనుల్లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 1950ల నుంచి పరికరాలు దించి మ్యువాన్లను లెక్కపెట్టారు. దిగేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. అన్నిటికన్నా లోతైన చోట రెండు నెలలు చూసినా ఒక్కటీ కనబడలేదు. ఇంత నిశ్శబ్దమైన చోట మరింత అరుదైన కణాలను పట్టవచ్చని గ్రహించి, 1965లో అక్కడే వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను కనుగొన్నారు. ప్రపంచంలో వాటిని మొదట గుర్తించిన ప్రయోగాల్లో అదొకటి.

అంటే పూర్తి కవచం కావాలంటే రెండు కిలోమీటర్లకు మించిన రాయి ఉండాలి. ఉపగ్రహం అంత బరువును మోయలేదు. కాబట్టి 'అన్నిటినీ ఆపేయడం' అనే ఆలోచనను ఇంజినీరు మొదటిరోజే వదులుకుంటాడు. వేటిని ఆపాలి, వేటిని వదిలేయాలి అన్నదే ఆయన ముందున్న అసలు లెక్క.

చిప్‌కు ఏమవుతుంది?

హాని మూడు రకాలు.

మొదటిది మెల్లగా జరిగేది. కణాలు దూరిన ప్రతిసారీ చిప్ లోపలి పలుచని పొరల్లో కొంత విద్యుదావేశం పేరుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ట్రాన్సిస్టర్లు ఆన్ కావలసిన చోట కాకుండా, ఆఫ్ కావలసిన చోట లీకవుతూ మొరాయిస్తాయి. నీటి కుండకు సున్నం పట్టినట్టు ఇది నెమ్మదిగా పేరుకునే జబ్బు.

రెండోది హఠాత్తుగా జరిగేది. ఒకే ఒక్క కణం మెమరీలోని ఒక గడిని తాకి అందులోని 0ని 1గానో, 1ని 0గానో మార్చేస్తుంది. చిప్ కాలిపోదు, చెడిపోదు. కానీ అందులోని సమాచారం తప్పవుతుంది. ఒక్కోసారి కణం తగిలిన చోట చిప్‌లో షార్ట్ సర్క్యూట్ లాంటి దారి తెరుచుకుని కరెంటు ఆగకుండా పారుతుంది. వెంటనే సరఫరా ఆపకపోతే చిప్ మాడిపోతుంది.

మూడోది కణాలు సిలికాన్ అణువులను వాటి చోటు నుంచి తన్నేయడం. సౌర ఫలకాల శక్తి ఏటికేడు తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇది అంతరిక్షానికే పరిమితమైన బాధ కాదు. 2003 మే నెలలో బెల్జియంలోని స్కార్బేక్‌లో జరిగిన ఎలక్ట్రానిక్ ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి ఉండాల్సిన వాటికన్నా 4,096 ఓట్లు ఎక్కువ పడినట్టు యంత్రం చూపింది. 4,096 అంటే 2ను 12 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య. అంటే మెమరీలో సరిగ్గా ఒకే ఒక్క గడి మారింది. కచ్చితమైన రుజువు లేకపోయినా విశ్వకిరణం తాకి ఉంటుందన్నదే అందరూ చెప్పిన కారణం. 2025 నవంబరు చివరలో ఎయిర్‌బస్ సంస్థ తన ఎ320 రకం విమానాల్లో సుమారు 6,000 విమానాలకు అత్యవసర మార్పులు చేయించింది. తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమాన నియంత్రణ కంప్యూటర్‌లో సమాచారం చెడే వీలుందని తేలడమే కారణం. మన దేశంలోని విమానాలకూ అప్పుడు ఆ మార్పులు జరిగాయి. చాలా వాటికి కొత్త రేకేదీ తొడగలేదు, సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

రేడియేషన్‌కు బలైన తొలి పేరున్న ఉపగ్రహం టెల్‌స్టార్-1. అట్లాంటిక్ మీదుగా టీవీ చిత్రాలు పంపిన ఈ ఉపగ్రహాన్ని 1962 జులై 10న ప్రయోగించారు. దానికి ఒక్కరోజు ముందే అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పరీక్ష జరిపింది. దాంతో భూమి చుట్టూ రేడియేషన్ ఒక్కసారిగా పెరిగిపోయింది. నవంబరుకల్లా టెల్‌స్టార్ ఆదేశాలను అందుకోవడం మానేసింది. ఇంజినీర్లు లోపమెక్కడుందో నేలమీది నుంచే ఊహించి, ఉపాయంగా ఆదేశాలు పంపి 1963 జనవరిలో దాన్ని మళ్లీ పనిచేయించారు. ఫిబ్రవరిలో అది శాశ్వతంగా ఆగిపోయింది.

సీసం ఎందుకు కాదు?

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాం. సీసం వద్దనడానికి మూడు కారణాలున్నాయి.

ఒకటి, బరువు. తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు మీదే లెక్క చేయవచ్చు. అన్ని వైపులా అర మీటరున్న పెట్టె తీసుకుందాం. దాని ఆరు ముఖాల వైశాల్యం కలిపితే 1.5 చదరపు మీటర్లు. సెంటీమీటరు మందం కవచం తొడగాలి. అల్యూమినియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు కాబట్టి కవచం బరువు 40.5 కిలోలు. సీసం సాంద్రత 11.3 గ్రాములు కాబట్టి అదే కవచం 169.5 కిలోలు. ఆర్యభట్ట ఉపగ్రహం మొత్తం బరువే 360 కిలోలు. ఒక పెట్టెకు చొక్కా కుట్టించడానికే దాదాపు సగం బరువు పోతే పరికరాలు ఎక్కడ పెట్టాలి?

రెండు, మెత్తదనం. రాకెట్ లేచేటప్పుడు విపరీతంగా అదురుతుంది. సీసం ఆ అదురుకు తట్టుకోలేదు, వంగిపోతుంది. గురు గ్రహానికి జునో నౌకను తయారుచేసినప్పుడు సీసాన్ని పక్కన పెట్టడానికి ఇదొక కారణం. బదులుగా టైటానియం వాడారు. సెంటీమీటరు మందం, దాదాపు చదరపు మీటరు వైశాల్యం ఉన్న పలకలతో ఒక పెట్టె కట్టి, ముఖ్యమైన ఎలక్ట్రానిక్ పెట్టెలన్నిటినీ అందులో పెట్టారు. లోపలి పెట్టెలతో కలిపి దాని బరువు సుమారు 200 కిలోలు. బయటితో పోలిస్తే లోపల రేడియేషన్ 800 రెట్లు తక్కువ. 2011లో బయల్దేరిన జునో 2016 జులైలో గురుడిని చేరి, అనుకున్న గడువు దాటాక కూడా పనిచేసింది.

మూడు, పిల్లలకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది. బరువైన లోహాన్ని వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ ఢీకొంటే ఆగిపోతుంది గానీ, ఆగే క్రమంలో ఎక్స్‌రేలను పుట్టిస్తుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం పనిచేసేదీ ఈ సూత్రం మీదే. అంటే సీసం ఒక దొంగను పట్టుకుని మరో దొంగను లోపలికి వదులుతుంది. అధిక శక్తి గల విశ్వకిరణాలతో ఇంకో చిక్కుంది. అవి లోహపు కేంద్రకాన్ని ఢీకొంటే న్యూట్రాన్లు, ముక్కలైన కేంద్రకాలు లోపలికి చిమ్ముతాయి. గోడకు బంతి తగిలి, గోడ పెచ్చులు ఇంట్లోవాళ్ల మీద పడినట్టన్నమాట.

మరేం తొడుగుతారు?

ముందుగా ఏ కణానికి ఎంత మందం కావాలో చూద్దాం. 1 మెగా ఎలక్ట్రాన్ వోల్టు శక్తి గల ఎలక్ట్రాన్‌ను ఆపడానికి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం చాలు. 10 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌కు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. 100 మెగా అయితే 3.7 సెంటీమీటర్లు కావాలి. 1,000 మెగా అయితే మీటరున్నర. శక్తి పది రెట్లు పెరిగితే మందం అంతకన్నా ఎన్నో రెట్లు పెరుగుతోందని గమనించండి. వాన్ అలెన్ పట్టీల్లోని ఎలక్ట్రాన్లలో ఎక్కువభాగాన్నీ, తక్కువ శక్తి గల ప్రోటాన్లనూ కొన్ని మిల్లీమీటర్ల రేకు ఆపేస్తుంది. ఆ తర్వాత రేకు మందం పెంచుకుంటూ పోతే బరువు పెరుగుతుంది గానీ లాభం అంతగా ఉండదు.

అందుకే ఇంజినీర్లు ఒకే వస్తువును నమ్ముకోరు. చోటును బట్టి, కణాన్ని బట్టి ఎంచుకుంటారు.

అల్యూమినియం: తేలిక, గట్టి. ఉపగ్రహపు చట్రం, ఎలక్ట్రానిక్ పెట్టెలు ఎలాగూ దీనితోనే చేస్తారు కాబట్టి అదే మొదటి కవచం.

టాంటలం: సీసం కన్నా సాంద్రత ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువ. పెట్టె అంతటికీ కాకుండా, బలహీనమైన ఒక్క చిప్ మీద మాత్రం దీని చిన్న ముక్కను అతికిస్తారు. చొక్కా అంతా కొత్తది కుట్టకుండా మోచేతి దగ్గర అతుకు వేసినట్టు. చాలాసార్లు బయట అల్యూమినియం, మధ్యలో టాంటలం, లోపల మళ్లీ అల్యూమినియం పొరలుగా వేస్తారు. బయటి పొర ఎలక్ట్రాన్లను నెమ్మదింపజేస్తుంది. మధ్య పొర, పుట్టిన ఎక్స్‌రేలను మింగుతుంది.

పాలిథీన్: మనం రోజూ చూసే ప్లాస్టిక్కే. ఇందులో హైడ్రోజన్ ఎక్కువ. హైడ్రోజన్ కేంద్రకంలో ఉన్నది ఒకే ప్రోటాన్ కాబట్టి అది ముక్కలై చిమ్మదు. ఒకే బరువుకు చూస్తే విశ్వకిరణాలను తగ్గించడంలో ఇది లోహాల కన్నా మేలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు నిద్రించే చోట దీని పలకలు పెట్టారు. నీళ్లూ ఇదే కారణంతో మంచి కవచం.

గాజు: బళేపేట పిల్లలకు దీని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సౌర ఫలకంలోని ప్రతి సెల్ మీదా సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందమున్న గాజు రేకు అతికిస్తారు. వెలుగు లోపలికి వెళ్లాలి, కణాలు ఆగాలి. ఈ పని లోహం చేయలేదు. అయితే మామూలు గాజు రేడియేషన్ తగిలితే గోధుమ రంగుకు తిరిగి మసకబారుతుంది. అందుకని ఆ గాజులో సీరియం అనే మూలకాన్ని కలుపుతారు. అప్పుడది ఏళ్ల తరబడి తేటగా ఉంటుంది.

వీటన్నిటితోపాటు పైసా ఖర్చు లేని కవచం ఒకటుంది. అదే అమరిక. బ్యాటరీలు, ఇంధన ట్యాంకులు, మొరటు పెట్టెలు బయటివైపు, సున్నితమైన చిప్‌లు మధ్యలో. జాతరలో పెద్దవాళ్లు చుట్టూ నిలబడి పిల్లల్ని మధ్యలో ఉంచినట్టు.

దాటి వచ్చినవాటి సంగతి

ఇంత చేసినా కొన్ని కణాలు లోపలికి వస్తాయి. కోలారు గని నేర్పిన పాఠం అదే కదా. అందుకే రెండో రక్షణ చిప్ లోపల, సాఫ్ట్‌వేర్ లోపల ఉంటుంది. రేడియేషన్‌కు ఓర్చుకునేలా ప్రత్యేకంగా చేసిన చిప్‌లు ఉంటాయి. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, ఖరీదూ ఎక్కువ. 2021లో కుజుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లోని ప్రాసెసర్ వేగం 200 మెగాహెర్ట్జ్ మాత్రమే. మన జేబులోని మామూలు ఫోన్ దానికన్నా పది రెట్లు వేగమైనది. కానీ ఆ ఫోన్‌ను అక్కడికి పంపితే ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

ముఖ్యమైన లెక్కను ఒకే సమయంలో మూడు సర్క్యూట్లతో చేయించి, రెండు చెప్పిన జవాబునే ఒప్పుకోవడం ఇంకో పద్ధతి. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరి మాట కలిస్తే మూడోవాడిది పొరపాటని తేల్చినట్టు. కరెంటు హఠాత్తుగా పెరిగితే క్షణంలో ఆపేసి మళ్లీ పెట్టే కాపలా సర్క్యూట్లు, కంప్యూటర్ నిద్రపోతే తట్టిలేపే గడియారాలు కూడా ఉంటాయి.

మెమరీలో మారిన గడిని తనంతట తానే పట్టుకుని సరిదిద్దే పద్ధతిని మాత్రం పిల్లలతో ఆడించవచ్చు. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన ఆలోచనకు ఇది దగ్గరి చుట్టం.

తరగతిలో ఆడించండి: గాజుల ఆట

కావలసినవి: 25 ఎర్ర గాజులు, 25 ఆకుపచ్చ గాజులు. ఎర్ర గాజు అంటే 1, పచ్చ గాజు అంటే 0.

ఒక విద్యార్థిని పిలిచి, వరుసకు నాలుగు చొప్పున నాలుగు వరుసల్లో తనకు నచ్చినట్టు 16 గాజులు పేర్చమనండి. తర్వాత ఉపాధ్యాయులు ప్రతి అడ్డవరుస చివరా ఒక గాజు చేర్చాలి. ఆ వరుసలో ఎర్ర గాజుల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చూసి రంగు ఎంచుకోవాలి. అలాగే కింద ఐదో వరుస పేర్చి, ప్రతి నిలువు వరుసలోనూ ఎర్రవి సరిసంఖ్య అయ్యేలా చేయాలి. మొత్తం 25 గాజులవుతాయి.

ఇప్పుడు ఉపాధ్యాయులు వెనక్కి తిరిగి నిలబడాలి. ఒక పిల్ల వచ్చి ఏదో ఒక గాజును తీసి వేరే రంగు గాజు పెడుతుంది. ఆమే విశ్వకిరణం. ఉపాధ్యాయులు ఇటు తిరిగి, ఎర్రవి బేసిసంఖ్యలో ఉన్న అడ్డవరుస, నిలువువరుస ఏవో చూస్తారు. ఆ రెండూ కలిసే చోటే మారిన గాజు.

పిల్లలు మొదట ఇది మంత్రమంటారు. రెండోసారికి కిటుకు పట్టేస్తారు. అప్పుడు ఒకేసారి రెండు గాజులు మార్చమనండి. తప్పు జరిగిందని తెలుస్తుంది గానీ, ఏవి మారాయో కచ్చితంగా చెప్పలేం. కవచం అవసరం ఇక్కడే తెలుస్తుంది. లోపలికి వచ్చే కణాల సంఖ్యను కవచం తగ్గిస్తే, ఒకటి సరిదిద్దేలోగా రెండోది వచ్చిపడే ప్రమాదం తగ్గుతుంది. రేకు, లెక్క రెండూ కలిస్తేనే రక్షణ.

చంద్రయాన్ నేర్పినది

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయల్దేరిన చంద్రయాన్-1లో 11 పరికరాలుండేవి. వాటిలో రాడోమ్ అనే చిన్న పరికరం బల్గేరియా శాస్త్రవేత్తలది. దాని పని రేడియేషన్‌ను కొలవడమే. వాన్ అలెన్ పట్టీలను దాటుతున్నప్పుడూ, చంద్రుడి చుట్టూ తిరుగుతున్నప్పుడూ మోతాదు ఎంతుందో అది నమోదు చేసింది. చంద్రుడికి గాలి లేదు, భూమికున్నట్టు పెద్ద అయస్కాంత క్షేత్రమూ లేదు. గొడుగు లేని చోటది.

స్టార్ సెన్సర్లు దెబ్బతిన్నాక ఇంజినీర్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గైరోస్కోపుల సాయంతో దిశను నిలబెట్టారు. 2009 మే నెలలో కక్ష్యను 100 కిలోమీటర్ల నుంచి 200 కిలోమీటర్లకు పెంచారు. అలా 3,400కు పైగా ప్రదక్షిణలు చేయించారు. చంద్రుడి మీద నీటి జాడలున్నట్టు 2009 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. అప్పటికి నౌక లేదు, అది పంపిన సమాచారం ఉంది.

తర్వాతి కథ పిల్లలకు తప్పక చెప్పాలి. 2019 ఆగస్టులో చంద్రుడి కక్ష్యలోకి చేరిన చంద్రయాన్-2 ఆర్బిటర్‌ను ఒక్క ఏడాది కోసం పంపారు. అది ఏళ్ల తరబడి పనిచేసింది. 2013 నవంబరులో వెళ్లిన మంగళయాన్ ఆరు నెలల కోసం వెళ్లి, కుజుడి చుట్టూ ఏడేళ్లకు పైగా తిరిగింది. సూర్యుడిని చూస్తూ కూర్చునే ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన చోటుకు చేరింది. సూర్యుడిలో పేలుడు జరిగితే ఆ కణాలు భూమిని తాకకముందే పసిగట్టడం దాని పనుల్లో ఒకటి. ముందే తెలిస్తే ఉపగ్రహాల్లోని సున్నితమైన పరికరాలను ఆపి ఉంచవచ్చు. వాన వచ్చే ముందు వడియాలు లోపల పెట్టుకున్నట్టు.

అనంతపురం నుంచి పీణ్యకు

ఈ పాఠానికీ బెంగళూరుకూ ఉన్న బంధం పాతది. 1940ల్లో హోమీ భాభా, విక్రమ్ సారాభాయ్ ఇద్దరూ ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో సి.వి.రామన్ నీడన విశ్వకిరణాల మీదే పనిచేశారు. ఒకరు దేశ అణుశక్తి కార్యక్రమానికి, మరొకరు అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేశారు.

సారాభాయ్ దగ్గర విశ్వకిరణాల మీదే పరిశోధన చేసినవారు ఉడుపి రామచంద్రరావు. యు.ఆర్.రావుగా అందరికీ తెలిసిన ఆయన 1932లో ఉడుపి దగ్గరి అదమారు అనే పల్లెలో పుట్టారు. ఇంటర్ బళ్లారిలో, బీఎస్సీ అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చదివారు. అమెరికా వెళ్లి అక్కడి అంతరిక్ష నౌకలు పంపిన విశ్వకిరణాల సమాచారాన్ని పరిశీలించారు. తిరిగొచ్చి, 1972లో పీణ్య షెడ్లలో ఆర్యభట్ట పని మొదలుపెట్టారు. అంతకుముందు ఉపగ్రహం కట్టిన అనుభవం దేశంలో ఎవరికీ లేదు. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద నింగికెగిరింది. సమాచారం అందుకోవడానికి బెంగళూరులో చోటు చాలక ఒక మరుగుదొడ్డిని కేంద్రంగా మార్చుకున్నారన్నది ఇప్పటికీ చెప్పుకునే సంగతి. విద్యుత్ సరఫరా లోపం వల్ల కొద్ది రోజులకే దాని ప్రయోగాలు ఆగిపోయాయి. అక్కడ నేర్చుకున్నదే తర్వాతి ఉపగ్రహాలకు పెట్టుబడి అయ్యింది. నేడు బెంగళూరులోని ఉపగ్రహ కేంద్రం ఆయన పేరుతోనే ఉంది.

ఏ కణాల గురించి చదువుకున్నారో, ఆ కణాల మధ్య బతకాల్సిన యంత్రాన్నే ఆయన కట్టారు. అనంతపురంలో చదివిన కుర్రాడికి అది సాధ్యమైందని మన పిల్లలకు తెలియాలి.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు

మన బడుల్లో పిల్లలు పాఠం తెలుగులో వింటారు, వీధిలో కన్నడం మాట్లాడతారు, పై తరగతుల్లో ఇంగ్లిషు పుస్తకం చదువుతారు. సైన్సు తెలుగులో చెబితే ముందు ముందు వెనకబడతారేమోనని చాలామంది తల్లిదండ్రుల భయం. పైన చెప్పిన పాఠంలో కష్టమైనది ఏ మాట? 'కవచం', 'మందం', 'సాంద్రత', 'సరిసంఖ్య' ఇవన్నీ పిల్లలకు తెలిసినవే. ఆలోచన ముందు తెలిసిన మాటల్లో కుదురుకోవాలి. ఆ తర్వాత ఇంగ్లిషు పేరు నేర్పితే పది నిమిషాల పని. ఆలోచన కుదరకుండా పేరు మాత్రం బట్టీపట్టిన పిల్లకు 'సీసం ఎందుకు కాదు?' అని అడగాలనే తోచదు. విశ్వం, కిరణం రెండూ కన్నడంలోనూ ఉన్న మాటలే. నల్లబల్ల మీద మూడు భాషల్లోనూ రాసి పెట్టండి.

సెలవురోజున పిల్లల్ని టి.చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానెటేరియానికో, కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికో తీసుకెళ్లండి. భారతీయ విజ్ఞాన సంస్థ ఏటా ఒకరోజు ప్రజలందరికీ తలుపులు తెరుస్తుంది, ఆ తేదీ చూసుకుని వెళ్లండి. వెళ్లే ముందు ఇంట్లో ఒక చిన్న లెక్క చేయించండి. అర మీటరు పెట్టెకు సెంటీమీటరు మందం పాలిథీన్ తొడిగితే బరువెంత? దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.95 గ్రాములు. జవాబు 14 కిలోల పైచిలుకు. మరి ఉపగ్రహమంతా పాలిథీన్‌తోనే ఎందుకు చేయరు? ఎండ వేడికి ఏమవుతుంది? రాకెట్ అదురుకు ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు మీరు చెప్పకండి. వాళ్లనే వెతకనివ్వండి.